హీరోగారికి జర్మన్ కాళ్ళు

తొంభైల మొదట్లో నేను ఫిల్మ్ నగర్‌లో ఒక దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. వెంగళరావు నగర్‌లో గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే ఆఫీసుకి పోయి, కథా చర్చల్లో కూర్చున్నవాళ్ళకి టీలు అందేలా చూడటం నా పని. అలాంటివాణ్ణి ఒక్కరోజులో దుబాసీనయ్యాను. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు సరదాకి ఒక ఏడాది జర్మన్ నేర్చుకున్నాను. ఆ పుస్తకంలో పాఠాలన్నీ రైల్వే స్టేషన్లోనే జరిగేవి. అందుకని నాకు వచ్చిన జర్మన్‌లో సగం రైళ్ళే.

మాది ఫుట్‌బాల్ కథ. హీరోగారు ఫైట్లూ డాన్సులూ బ్రహ్మాండంగా చేసేవారు గానీ, బంతిని తన్నమంటే బంతి అక్కడే ఉండేది, బూటు ఎగిరిపోయేది. నిర్మాతగారి బావమరిదికి పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీ ఉంది. అక్కడ మెషీన్లు బిగించడానికి వచ్చిన ఒక జర్మన్, సాయంత్రాలు కార్మికులకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాడని తెలిసి కారు పంపించారు. పిలుచుకురావడానికి నేను వెళ్ళాను.

మనిషి నలభై దాటినవాడు, బాగా పొడుగు, కుడికాలు కాస్త ఈడుస్తాడు. దారిలో తన సంగతి తనే చెప్పాడు. వాళ్ళ దేశంలో పెద్ద లీగు కింద చిన్న లీగు, దానికింద ఇంకా చిన్నది, అలా మెట్లుమెట్లుగా ఉంటాయట. ఆయన బాగా కింది మెట్టు మీద ఫార్వర్డు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం ప్రాక్టీసు, ఆదివారం బురదలో మ్యాచ్. మోకాలు పోయాక కోచ్ పరీక్ష పాసై సొంత జట్టుకే కోచ్ అయ్యాడు. ఆ ఏడాది జట్టు ఇంకో మెట్టు కిందికి దిగిపోయింది.

"దానికింద ఇంకా మెట్లున్నాయా?" అని అడిగాను.

"నాకూ అప్పుడే తెలిసింది," అన్నాడు.

వారంరోజులు నేర్పించాక హీరోగారి వల్ల కాదని తేలిపోయింది. అప్పుడు దర్శకుడుగారికి ఆలోచన వచ్చింది. ముఖం హీరోగారిది, కాళ్ళు జర్మన్‌వి. రోజూ పొద్దున్నే మేకప్ మ్యాన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ కింద వెంట్రుకలు గీసేసి, హీరోగారి చేతి రంగుతో పోల్చి చూసుకుంటూ కాళ్ళకి రంగు పూసేవాడు. నడుము పైన ఎర్రగా కందిపోయిన దొర, మోకాళ్ళ కింద మన మనిషి. ఆయన బుద్ధిగా కాళ్ళు చాపి కూర్చునేవాడు. "మా ఊళ్ళో నా కాళ్ళని ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు," అన్నాడొకసారి.

కాళ్ళతోపాటు రెండు జట్లకీ కోచింగు కూడా ఆయనకే అప్పగించారు. హీరో జట్టులో జూనియర్ ఆర్టిస్టులు, విలన్ జట్టులో ఫైటర్లు. ఫైటర్లతో పెద్ద చిక్కొచ్చింది. భుజం తగిలితే చాలు, గాల్లోకి లేచి రెండు పల్టీలు కొట్టి పడేవారు.

"వాడెందుకు ఎగురుతున్నాడు?" అని కంగారుగా అడిగాడాయన.

"అది వాళ్ళ వృత్తి," అని చెప్పాను.

ఎగరడం ఎలాగూ మానరని అర్థమయ్యాక, వాళ్ళలో అందరికన్నా బాగా ఎగిరేవాణ్ణి పిలిచి గోల్ కీపర్‌ని చేశాడు. అతనిది సికింద్రాబాద్. నెల తిరిగేసరికి గోల్ వైపు ఏది వచ్చినా పట్టేసేవాడు.

ఆఖరి మ్యాచ్‌ని జూబ్లీహిల్స్ బండల మధ్య చదును చేయించిన నేల మీద తీశాం. కథ ప్రకారం ఆఖరి నిమిషంలో హీరో కొట్టిన బంతి గోల్లోకి పోవాలి, కీపరు అటుకాక ఇటు దూకాలి. రంగు వేసిన కాలు బంతిని తన్నింది. కీపరు ఎగిరి పట్టేశాడు. మళ్ళీ తీశాం. మళ్ళీ పట్టేశాడు.

దర్శకుడుగారు మైకు విసిరేశారు. "ఏంటయ్యా! నిన్ను పట్టమని ఎవరు చెప్పారు?"

"నేనేం జేస్తా సార్! ఇటు దుంకాల్నే అనుకుంటున్న. బాల్ గాడ కనవడంగనే చేతులు గాడికే పోతున్నయ్," అన్నాడు కీపరు, నిజంగానే బాధపడుతూ.

జర్మన్ పరిగెత్తుకెళ్ళి అతన్ని కావలించుకున్నాడు. తన బంతిని ఆపినందుకు!

"అసలీయన ఏ టీమండీ?" అని దర్శకుడుగారు నన్నడిగారు. కీపర్ని మార్చేస్తామని చెప్పమన్నారు. చెప్పాను. బాగా ఆడుతున్నవాణ్ణి బయటికి పంపే కోచ్ ఏ లీగులోనూ ఉండడని, తనకి ఇంకొక్క అవకాశమిస్తే నిజంగానే గోల్ కొడతానని ఆయన జవాబు.

ఎండ దిగిపోతోంది. ఈసారి ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఆ పాడు మోకాలితోనే పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి పైకడ్డీకి తగిలింది. మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ప్లైవుడ్‌తో చేసిన గోల్‌పోస్టు పెళపెళమని కీపరు మీద కూలిపోయింది.

దర్శకుడుగారు ఆనందంతో అరిచారు. "ఓకే! దెబ్బకి గోల్‌పోస్టే కూలిందంటే హాలు దద్దరిల్లిపోద్ది!"

కీపరు ప్లైవుడ్ కింది నుంచి దులుపుకుంటూ లేచాడు, దెబ్బలేం లేవు. జర్మన్ మాత్రం రెండు చేతులూ ఊపుతూ వచ్చాడు. అది గోల్ కాదట. రిఫరీ వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టుకి కూడా రూల్స్ ఆయనే నేర్పాడు. అతను భయంభయంగా, "కాదు సార్, బాల్ లోపలికి పోలేదు," అన్నాడు.

"సినిమా ఎవరిదయ్యా?" అన్నారు దర్శకుడుగారు. దాంతో గోలైపోయింది.

సినిమా విడుదలైన రోజు జర్మన్ నా పక్క సీట్లో కూర్చున్నాడు. గోల్‌పోస్టు కూలగానే హాలంతా లేచి ఈలలేసి కాగితాలు విసిరింది. ఆయన తలమీద పడిన కాగితం ముక్కల్ని దులుపుకోలేదు. తన జీవితంలో ఇంతమంది చప్పట్లు కొట్టడం ఇదే మొదటిసారి అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. అంతలోనే నా వైపు వంగి, "కానీ గోల్ కాదు," అన్నాడు.

ఆ కీపరు ఫైట్లు మానేసి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాడు. మెషీన్ల పని అయిపోయినా అక్కడి కార్మికుల జట్టు కోసం జర్మన్ ఇంకో రెండేళ్ళు ఉండిపోయాడు. ఒకసారి వాళ్ళ మ్యాచ్ చూడటానికి వెళ్ళాను. మైదానం గీత పక్కన నిలబడి జర్మన్, "గట్ల గాదు! జర పైకి పో!" అని గొంతు చించుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు గానీ మాట్లాడటానికి రాలేదు. వాళ్ళు ఒక్క గోల్ వెనకబడి ఉన్నారు, ఇంకా టైముంది.