ముక్కక్క స్పానిష్ చదువు

కన్ను పోతే నలుగురూ అయ్యో అంటారు. ముక్కు పోతే నవ్వి ఊరుకుంటారు. సర్వేంద్రియాల్లో నయనమే ప్రధానమని తీర్మానించిన పెద్దలు సబ్బుల కార్ఖానాలో ఒక్క పూటైనా పనిచేసి ఉండరు. అక్కడ ముక్కక్క ముక్కే ప్రధానం. ఏ బ్యాచ్ తయారైనా ముందు ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే. చిన్న పలుకు గీరి, అరచేతుల మధ్య నలిపి, వాసన చూసేది. ముక్కు అలిసినప్పుడల్లా సొంత మోచేతి మడత వాసన చూసుకుని మళ్లీ మొదలెట్టేది. ఆవిడ తలూపితే సరుకు పెట్టెల్లోకి, తల అడ్డంగా తిప్పితే మళ్లీ కరగడానికి. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది.

అలాంటి ముక్కు ఒక జ్వరంతో మొద్దుబారింది. జ్వరం తగ్గింది, వాసనలు మాత్రం తిరిగి రాలేదు. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరెందుకని ఆవిడ సణుక్కుంది. బల్ల పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పలేదు, పక్కనే సబ్బులకు కాగితాలు చుట్టే తోడికోడలికి తప్ప.

"నేను వాసన చూసి దగ్గుతాలే అక్కా," అంది తోడికోడలు. "ఒకసారి దగ్గితే బాగున్నట్టు. రెండుసార్లు దగ్గితే బాలేనట్టు."

ఈ దగ్గుల వ్యవహారం కొన్నాళ్లు సాఫీగానే నడిచింది. ముక్కక్క ఇంకో దారి కూడా చూసుకుంది. కంపెనీ స్పానిష్ మాట్లాడే దేశాలకు సబ్బులు పంపుతోంది, ఆర్డర్ల గదిలో ఆ భాష వచ్చినవాళ్లు కావాలట. గుట్టు రట్టయ్యేలోపు అటు జారుకుంటే సరి! ఓడల్లో వంట చేస్తూ దేశాలు తిరిగొచ్చిన మాస్టారొకాయన సాయంత్రాలు పాఠాలు చెబుతుంటే వెళ్లి చేరింది.

ఇంతలో తోడికోడలికి జలుబు చేసింది. ఆ రోజు దగ్గు ఒకటితో ఆగలేదు, రెండింటితోనూ ఆగలేదు. ముక్కక్క వచ్చిన బ్యాచ్‌నల్లా తిప్పి పంపింది. సూపర్‌వైజర్ ఒక సబ్బు తీసి వాసన చూసి, ఆవిడ వైపు ఓ చూపు చూసి, సబ్బును బల్ల మీదే పెట్టేసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

"చంపేశావు కదే!"

"నన్నేం చేయమంటావక్కా? దగ్గు ఆపుకుంటే తుమ్మొచ్చింది. తుమ్ముకి మనం అర్థం పెట్టుకోలేదుగా!"

కర్మ కాకపోతే, ఆ సాయంత్రమే మాస్టారు వాసన చూడడమనే క్రియ అందుకున్నాడు. ఒలేర్. "ఇది మహా పెంకిది," అన్నాడు. "'మేము' అంటే ఒలేమొస్. బుద్ధిగానే ఉంది కదా? 'నేను' అనేసరికి ఉవేలో! నలుగురిలో ఉన్నంతసేపూ పెద్దమనిషి, ఒంటరిగా దొరికితే వేషం మార్చేస్తాడు."

ముక్కక్క ఉలిక్కిపడింది. తన సంగతి ఈయనకెవరు చెప్పారు?

మాస్టారు మూతలు పెట్టిన సీసాలు తెచ్చాడు. ఒక్కొక్కరూ వాసన చూసి అదేమిటో స్పానిష్‌లో చెప్పాలి. క్లాసులోని బస్సు కండక్టరు కాఫీ వాసన తెలుస్తోందనబోయి, తానే కాఫీ వాసన కొడుతున్నానన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. దర్జీ తన సీసా చూసి లవంగమన్నాడు. అదే సీసా ముక్కక్క చేతికొచ్చింది. దర్జీ మాటే అప్పజెప్పేస్తే పోయేది. మూత తీసి గట్టిగా పీల్చింది. గోడను వాసన చూసినట్టుంది. సూపర్‌వైజర్ చూపు గుర్తొచ్చింది.

"నో ఉవేలో నాదా," అంది. నాకే వాసనా తెలియడం లేదు.

"శభాష్!" అన్నాడు మాస్టారు, ఆవిడ పాఠం ఒప్పజెబుతోందనుకుని. బోర్డు మీద రాసి అందరి చేతా వల్లె వేయించాడు. ఇన్నాళ్లూ గొంతులో ముల్లులా ఉన్న నిజాన్ని దర్జీ, కండక్టరు, కాలేజీ పిల్లలు కలిసి అరుస్తుంటే ఆవిడకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. పరాయి భాషలో అంత తేలిగ్గా వచ్చిన మాట సొంత భాషలో రాదా?

మర్నాడు షిఫ్టు మొదలవగానే సూపర్‌వైజర్ గదికెళ్లింది.

"సార్, జ్వరం వచ్చినప్పట్నుంచీ నాకు వాసన తెలియట్లేదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?"

గుమ్మం అవతల తోడికోడలు దగ్గింది.

"అర్థమైంది," అన్నాడాయన.

ఆయన పుణ్యాత్ముడేమీ కాదు. గట్టిగానే చీవాట్లు పెట్టాడు. కానీ అలాంటి ముక్కు తయారవడానికి ఏళ్లు పడుతుందని తెలిసిన కంపెనీ మనిషి. "స్పానిష్ నేర్చుకుంటున్నావట కదా, ప్రస్తుతానికి ఆర్డర్ల గదిలో కూర్చో. రోజూ పొద్దున ఇక్కడికొచ్చి సబ్బుల్లో కలిపే సువాసన నూనెలు వాసన చూడు. ముక్కు దారికొస్తే నీ బల్ల నీది. రాకపోతే ఆ భాషే నీకు గతి."

రోజూ వెళ్లేది. కళ్లు మూసుకుంటే ఆయన నూనెలో ముంచిన కాగితం ముక్కు కింద పెట్టేవాడు. ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు. వారాలు గడిచాయి. ఓ పొద్దున ఆవిడ తల చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఛీ! ఏంటి సార్ ఇది? రబ్బరు కాలిన కంపు!"

"నిమ్మనూనె."

"అయ్యో, తప్పు చెప్పానా?"

"తప్పే. నిన్నటిదాకా తప్పు చెప్పడానికైనా ఏమీ లేదుగా నీ దగ్గర?" ఆయన ఇంకో సీసా మూత తీస్తున్నాడు. "ఊఁ, కళ్లు మూసుకో."