తోడల్లుడి బొటనవేలు

దెయ్యాలంటే నాకు ముందునుంచీ నమ్మకం లేదు. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు బీపీ చూపించుకోమని చెప్పే రకం నేను. ఇది చదివి నన్ను కుళ్ళుబోతు అనుకోండి, ఒప్పుకుంటాను. పిరికివాడు అనుకోకండి.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. మా ఆవిడ చెల్లెలి భర్త సూరిబాబుదీ అదే వ్యాపారం. వాడికి నాకంటే చదువు తక్కువ, పెట్టుబడి తక్కువ. కానీ సరుకు చూడటంలో వాడి చెయ్యి వేరు. బెల్లం దిమ్మ అంచున చిటికెడు గిల్లి నోట్లో వేసుకునేవాడు. నచ్చితే గిల్లినచోట బొటనవేలితో నొక్కి చదును చేసేవాడు. అలా నొక్కిన దిమ్మ వానల్లో కూడా చెమ్మ పట్టదని మార్కెట్టులో అందరి నమ్మకం. నా కొట్టులో బేరమాడుతూ కూడా, "సూరిబాబు సూసేడా?" అని అడిగేవారు. ముప్పై ఏళ్ళు ఆ మాట విని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. దాచడమెందుకు.

వాడు గొడౌను తాకట్టు పెట్టి తెచ్చిన అప్పంతా చెరకు రైతులకు అడ్వాన్సులిచ్చాడు. పంట పోయింది. వాళ్ళు ఇవ్వలేదు, వీడు గట్టిగా అడగనూ లేదు. బ్యాంకువాళ్ళు గొడౌనుకి సీలు వేసి వేలానికి పెట్టారు. పైకి అయ్యో అన్నాను. వేలంలో మా అల్లుడి పేరు మీద నేనే పాడుకున్నాను. ఎవరో విశాఖ పార్టీ కొన్నారని, వాళ్ళ దగ్గర నేను అద్దెకి తీసుకున్నానని ఇంట్లో చెప్పాను.

వేలమైన వారానికే సూరిబాబుకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. కశింకోటలో అద్దె ఇంటికి మారారు.

గొడౌనుకి కొత్త తాళం వేసి చెవి నా దగ్గరే ఉంచుకున్నాను. మూడో రోజు పొద్దున్న తలుపు తీస్తే, కిందటి రోజు దించిన దిమ్మల్లో నాలుగింటికి అంచున గిల్లి ఉంది. గిల్లినచోట చదునుగా బొటనవేలి ముద్ర, దాని మధ్య అడ్డంగా ఒక గీత. కుర్రతనంలో కత్తి గాటు పడి సూరిబాబు వేలికి మిగిలిన మచ్చ అది. ఆ వేలిని నేను చూసినంతగా వాడి పెళ్ళాం కూడా చూసి ఉండదు.

ఎలకలనుకుందామంటే ఎలక చదును చెయ్యదు. తాళం మార్చాను. కెమెరా పెట్టించాను. అందులో ఎవరూ కనబడలేదు. పొద్దుటికి ముద్రలు మాత్రం ఉన్నాయి.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ముద్ర పడిన దిమ్మల్ని వేరుగా పేర్చి దాచాను. వానల్లో అవి రాయిలా నిలిచాయి. నేను బాగున్నాయని ఏరిపెట్టినవి చెమర్చి కారాయి. ముద్ర పడినవే అమ్మడంతో మార్కెట్టులో నా చెయ్యి మంచిదని మొదటిసారి పేరొచ్చింది. అయినా నా కడుపుమంట చల్లారలేదు. నా గొడౌనులో, నా సరుకు మీద కూడా వాడిదే పైచెయ్యి అయింది.

ఒక ఆదివారం వాణ్ణి చూడటానికి కశింకోట వెళ్ళాను. మా మరదలు వరలక్ష్మి మంచం పక్కన కూర్చుని వాడి కుడి చెయ్యి తడిగుడ్డతో తుడుస్తోంది.

"రోజూ పొద్దున్నే ఇదే పని బావా. బొటనేలికి బెల్లం అంటుకునుంటంది. సుగరని ఇంట్లో బెల్లం ముక్కన్నది ఉంచటం లేదు. ఎక్కణ్ణించి వత్తందో ఏటో" అంది.

గుడ్డ పిండుతూ, "గొడౌను కొన్న ఆ విశాఖ పార్టీ ఎవరో తెలిసిందా బావా?" అని అడిగింది.

"తెలీదమ్మా, అద్దె బ్రోకరే వచ్చి పట్టుకెళ్తాడు" అన్నాను. సూరిబాబు నన్నే చూస్తున్నాడు.

మర్నాటి నుంచి నా గొడౌనులో ఒక్క ముద్ర కూడా పడలేదు. ఇది జరిగి ఏడాదైంది. పడిపోయిన చెయ్యి కశింకోట నుంచి ఎలా వచ్చిందో, ఎందుకు మానేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెంత నొక్కి చూసినా మంచి దిమ్మ ఏదో కూడా తెలియడం లేదు.

ఈమధ్య మా ఎదురు కొట్టు అతని సరుకు చెమ్మ పట్టడం లేదని చెప్పుకుంటున్నారు. రోజూ పొద్దున్నే ఏదో బేరం వంక పెట్టుకుని వెళ్ళి, అతని దిమ్మల అంచులు చూసి వస్తున్నాను.