అంగుళం పురుగుకి కొబ్బరితాడు

ఇదిగో చూడండి, ఈ ఎడం కాలు. బాగానే ఉంది కదండీ? మొన్న మంగళవారం దీన్ని చూసి మా ఆవిడ బావురుమంది! ఇప్పుడంటే నవ్వొస్తోంది గానీ, ఆ పూట నా ప్రాణాలు పైకి పోయి కిందకి వచ్చేయనుకోండి.

మన ముక్తేశ్వరం చుట్టుపక్కల బోదకాలు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? మా నాన్నగారు ఎడం కాలు ఈడ్చుకుంటూ తిరగడం చూసి పెరిగినవాణ్ణి నేను. కిందటి వారం ఫైలేరియా వాళ్ళు ఇంటింటికీ వచ్చి, వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం బొట్టు తీసుకెళ్ళేరు. మంగళవారం పొద్దున్నే వాళ్ళ ఇన్‌స్పెక్టరు మా గుమ్మంలో సైకిలు దిగేడు.

"బాబాయి గారూ, మీ రక్తంలో బోదకాలు పురుగు పిల్లలు కనిపించేయండి. కాలికింకా ఏమీ రాలేదు, కంగారు పడకండి. ఈ మాత్రలు వాడితే పోతాయి."

ఆయ్ అని ఊరుకోవచ్చు కదా! నా నోరు ఊరుకుంటేనా? "ఎంత పొడుగుంటుంది బాబూ ఆ పురుగు?" అన్నాను.

"రెండువందల యాభై మైక్రాన్లు ఉంటుందండి."

"మైక్రాన్ అంటే?"

"మిల్లీమీటరు కన్నా చిన్నదండి" అనేసి పక్కింటికి వెళ్ళిపోయేడు.

మనం చదివింది ఎనిమిదో క్లాసు. అదీ అడుగులు, అంగుళాల కాలం. అయినా కొలత టేపు చూసి ఈ కొత్త లెక్క కాస్త పట్టేను లెండి. సెంటీమీటరు కన్నా చిన్నది మిల్లీమీటరు, పదికి ఒకటి. మరి దానికన్నా చిన్నది మైక్రాన్ అయితే? అదీ పదికి ఒకటే అయ్యుంటుంది! అరుగు మీద సుద్దముక్కతో వేసేను. రెండువందల యాభైని పదితో భాగిస్తే ఇరవై అయిదు మిల్లీమీటర్లు. టేపు అవతలి అంచు చూద్దును కదా... అంగుళం!

అంగుళం పురుగండీ! నా రక్తంలో!

"ఏమేవ్!" అని కేకేసేను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి, అంతా విని, "రక్తం బొట్టులో అంగుళం పురుగు ఎలా పట్టిందండీ?" అంది.

"చుట్ట చుట్టుకుని పడుకుంటుందే! బుట్టలో పాము పట్టట్లేదా?"

ఆ మాటతో దానికీ భయం పట్టుకుంది. చేతిలో మాత్ర చూసి, "అంత పురుగుకి ఇంత మాత్రేం ఆనుతుందండీ?" అంది. నాకూ నిజమేననిపించింది. అప్పుడే నాకో తెలివి పుట్టింది. పాము కరిస్తే విషం పైకి ఎక్కకుండా కడతాం కదండీ? పురుగు కిందకి దిగకుండా కడితే! కొబ్బరి వ్యాపారం చేసేవాడి ఇంట్లో తాడుకి కరువా? మోకాలి కింద బిగించి కట్టేను. నాన్నగారిది కూడా ఎడం కాలే కదాని ముందు ఎడంది కట్టేను.

కాసేపటికి కాలు జివ్వుజివ్వుమంది. "చూసేవుటే? పురుగులు తాడు దగ్గర ఆగిపోయేయి. తోసుకుంటున్నాయి!" అన్నాను గర్వంగా. మా ఆవిడ ఇంకో ముడి వేసింది.

మధ్యాహ్నం భోజనానికి లేద్దామంటే కాలు లేదు! ఉంది గానీ నాది కాదు. పాదం ఉబ్బి, వంకాయ రంగు తిరిగిపోయింది. మా ఆవిడ శోకాలు మొదలెట్టింది గానీ, మిగతా పురుగులు కూడా దిగిపోతాయని తాడు మాత్రం విప్పనివ్వలేదు. రిక్షా ఎక్కించేరు. వీధిలో ఎవరో, "పొద్దున్నే కదండీ చెప్పేరు, మధ్యాహ్నానికే వచ్చేసిందా బాబాయి గారికి!" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నాన్నగారు కళ్ళముందు మెదిలేరు. ఇంక సైకిలు తొక్కడం ఈ జన్మకి లేదనుకున్నాను.

డాక్టరు గారు పంచె పైకి తీసి చూసేరు. కత్తెరతో తాడు కటుక్కుమనిపించేరు. కాలు రుద్దుతూ, "ఎవరండీ ఇది కట్టింది?" అన్నారు.

చెప్పేను. లెక్కతో సహా చెప్పేను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయి ఒకటే నవ్వు! "మిల్లీమీటరుకి పది కాదు బాబాయి గారూ, వెయ్యి మైక్రాన్లు! మీ పురుగు పావు మిల్లీమీటరు. మైక్రోస్కోపు పెడితే గానీ సరిగ్గా కనపడదు. మీ తాడు దానికి అడ్డమే కాదు. రక్తానికే అడ్డం!"

పావు మిల్లీమీటరు! ఆ మాటకి నాకు వైకుంఠం కనిపించిందనుకోండి. కాలు మెల్లగా ఎర్రబడింది, వేళ్ళు కదిలేయి. చీమలు కుట్టినట్టు మంట! అయినా ఎంత హాయిగా ఉందో!

"మాత్రలు మానకండి, బోదకాలు రాదు" అన్నారు డాక్టరు గారు. "పురుగులకైతే మందుంది. తాళ్ళు కట్టేవాళ్ళకే లేదు."

"ఎక్కాల పుస్తకం రాసివ్వండి బాబూ, మూడుపూటలా!" అంది మా ఆవిడ. ఇంకో ముడి వేసింది తనేనని ఒక్క ముక్క చెబితేనా!

సాయంత్రానికి వాపు దిగిపోయింది. ఊళ్ళో అందరికీ బోదకాలు దోమల వల్ల, ఏళ్ళకి ఏళ్ళు పట్టి వస్తుందండి. నేను మాత్రం దోమ సాయం లేకుండా, ఒక్క పూటలో, సొంత చదువుతో తెచ్చుకున్నాను!