నీట మునిగిన ముల్గా కర్ర

2016లో ఆక్లండ్ హాబ్సన్‌విల్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పడవల రేవు మీద ఒక ముసలావిడ పరిచయమైంది. ఆస్ట్రేలియా ఎడారి నుంచి కూతురి దగ్గరికి వచ్చేశానని చెప్పింది. ఆమె చేతికర్ర అడిగి పట్టుకున్నాను. ఇనుములా బరువుగా ఉంది.

"ముల్గా అని, మా వైపు ఎడారిలో పెరిగే చిన్న చెట్టు. దీనికి చెదలు పట్టవు. కంచె గుంజలకీ, బూమరాంగులకీ ఇదే వాడతాం. ఈ కర్ర మా ఆయన పోయేముందు చెక్కాడు," అంది.

నేను తిరిగి ఇస్తుంటే కర్ర ఆమె చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

"కంగారు పడకండి, చెక్కే కదా, తేలుతుంది," అంటూ నేను రేవు అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచాను. అది తేలలేదు. రాయిలా తిన్నగా కిందికి దిగిపోయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మరిచిపోయాను.

ఆమె నీళ్లలోకి తొంగిచూసింది. "నాకూ తెలీదు. తేలుతుందో మునుగుతుందో చూడ్డానికి మా ఊళ్లో నీళ్లెక్కడివి?"

అక్కడ లోతెక్కువ. దిగి వెతికే వీల్లేదు. చివరికి ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. కూతురి ఇంటిదాకా మెల్లగా నడిచాం.

గుమ్మం దగ్గర ఆగి అంది: "కర్ర ఇలా మునగడం చూసుంటే మా ఆయన ఎంత ఆశ్చర్యపోయేవాడో!"