నోరు విప్పని టౌనో

పదహారేళ్లపాటు మా అతిథిగృహంలో టౌనోయే గైడు. చలికాలం పొడుగునా పొద్దున పదింటికి అతిథుల కాళ్లకు వెడల్పాటి మంచుజోళ్లు కట్టించేవాడు. ఏటి పక్కనున్న పైన్ అడవిలోకి తీసుకెళ్లేవాడు. నిప్పు రాజేసి, మసిపట్టిన కెటిల్‌లో కాఫీ కాచి ఇచ్చేవాడు. చీకటి పడేలోగా, అంటే మూడింటికల్లా, అందరినీ తిరిగి తెచ్చేవాడు. అన్నేళ్లలో ఒక్కరి వేలూ చలికి చెడలేదు, ఒక్కరూ దారి తప్పలేదు. కానీ మాట్లాడేవాడు కాదు. ఊరకున్నంత ఉత్తమం లేదనుకునే రకం. ఉత్తర ధ్రువం అంచునున్న మా లాప్లండ్‌లో అది తప్పేమీ కాదు. అడవిలో వాగేవాణ్ణే మేం అనుమానంగా చూస్తాం.

ఎక్కడో దూరదేశాల నుంచి వచ్చేవాళ్లు అలా అనుకోరు. "మీ గైడుకు మాటలు రావేమో" అని ఆ జనవరిలో మూడో ఫిర్యాదు వచ్చింది. ఇంకొకటి వస్తే మా దగ్గరికి ఇక అతిథుల్ని పంపేది లేదని టూరిస్టు ఏజెన్సీవాళ్లు తేల్చి చెప్పేశారు. నాకు ఒళ్లు మండింది. ఆ కోపమంతా టౌనో మీద చూపించాను.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"ఏం చెప్పాలి మిర్యా? వాళ్లకీ కళ్లున్నాయిగా."

"కనపడిందల్లా చెప్పు. లేకపోతే ఎల్లుండి నుంచి ఇంకొకణ్ణి చూసుకుంటా. తర్వాత నన్నేమీ అనుకోవద్దు."

అరవై ఏడేళ్ల మనిషి. భార్య హెల్వి పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఈ పని కూడా పోతే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. అది తెలిసే ఆ మాటన్నాను, అందుకే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు ఆరుగురు డచ్చివాళ్లు వచ్చారు. కాపలా కాస్తున్నట్టు నేనూ వెనకాల నడిచాను. అరగంటసేపు కాళ్లకింద మంచు కరకర తప్ప ఏమీ లేదు. ఏటి గట్టున టౌనో ఆగాడు. మంచులో పొడుగాటి చాలు కనిపిస్తోంది.

"నీటికుక్క," అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "నడవటానికి బద్ధకం. పొట్ట మీద జారుకుంటూ పోయింది. అచ్చం మా బావమరిదే."

వాళ్లు పడీపడీ నవ్వారు. ఇక టౌనో ఆగలేదు. మంచులో పూడుకుని పడుకున్న అడవికోడి కాళ్ల దగ్గర్నుంచి టపటపమని లేస్తే, "నిద్ర చెడగొట్టాం, తిట్టుకుంటూ పోతోంది" అన్నాడు. కుందేలు వెంటపడిన నక్క ఎక్కడ ఆశ వదులుకుందో అడుగులు చూసి చెప్పాడు. నిప్పు దగ్గర అందరి చేతుల్లో కాఫీ చల్లారిపోయింది. పదహారేళ్లలో నేను వినని గొంతు అది. అదంతా నా ఘనతే అన్నట్టు పొంగిపోయాను.

సాయంత్రానికే పొగడ్తలు వచ్చాయి. "ఆ కబుర్ల తాతే కావాలి" అని మరో రెండు గుంపులు అడిగాయి.

పొద్దున్నే టౌనో వచ్చి మంచుజోళ్లు పెట్టే షెడ్డు తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు.

"ఇంక రాను."

"పిచ్చా నీకు? అందరూ నిన్నే అడుగుతున్నారు!"

"మంచోళ్లే. బాగా నవ్వారు." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "రోజూ అడవిలో చూసినవి ఇంటికెళ్లి హెల్వికి చెబుతాను మిర్యా. కాఫీ పోసుకుని, తన కుర్చీకెదురుగా కూర్చుని. నిన్నా కూర్చున్నాను. అన్నీ వాళ్లకి చెప్పేశానుగా, తనకేమీ మిగల్లేదు."

"అవే మళ్లీ చెప్పొచ్చుగా?"

"చెప్పి చూశాను. ఎంగిలైపోయాయి."

తాళంచెవి అతని వైపు తోశాను. "పోనీ, ఎప్పట్లా నోరు మూసుకునే వెళ్లు. ఫిర్యాదులొస్తే నేను చూసుకుంటా."

"ఇప్పుడు వాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు. ఊరుకోరని నాకూ తెలుసు.

ఇప్పుడతను ఏటి అవతలి గట్టున ఒక్కడే నడుస్తుంటాడు. ఇవతల అతిథుల్ని నేనే తీసుకెళ్తున్నాను. బయల్దేరింది మొదలు తిరిగొచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటాను. ఇంటికెళ్లాక చెప్పుకోవడానికి నాకెవరూ లేరు.