మిషన్‌కి తాళం

మా పెద్దమ్మ బొంతలు కుడుతుంది. బాగా కుడుతుందని వీధంతా అంటారు. నేను అనను. ఆమె మా నాన్నకి వదిన, అంటే మా అమ్మకి తోడికోడలు. ఒకే ఇంట్లో, ఒకే కుట్టుమిషన్ మీద, పొద్దుట ఆమె, మధ్యాహ్నం మా అమ్మ బొంతలు కుట్టి దుకాణానికి ఇచ్చేవాళ్ళు. మిషన్ మా నానమ్మది. ఇద్దరికీ సమానమని చెప్పి పోయింది. ఆ మాట పెద్దమ్మకి ఏనాడూ మింగుడుపడలేదు.

ఆమెకి దగ్గర చూపు ఆనదు. సూదిలో దారం ఎక్కించాలంటే మా అమ్మని కేకేయాల్సిందే. "ఏమే, ఎక్కడ చచ్చావు?" అన్నదే పిలుపు. అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి ఎక్కించేది. మంచిమాట దేవుడెరుగు, పెద్దమ్మ "ఇంతసేపా?" అనేది. చివరికి కళ్ళజోడు కొనుక్కుంది. పెట్టుకున్న రోజే, "ఇక నీతో నాకు పనిలేదు," అని మొహమ్మీదే చెప్పింది.

ఆ వారమే బొంతలు చెడటం మొదలైంది. పైన చూస్తే కుట్టు తీరుగానే ఉండేది. తిరగేస్తే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడేది. దుకాణదారు బొంత వెనక్కి పంపాడు. పెద్దమ్మ ఒంటికాలి మీద లేచింది.

"దారం బిగువు మర తిప్పింది నువ్వే!"

"నేనెందుకు తిప్పుతానక్కా? నేను కుట్టేదీ ఆ మిషన్ మీదేగా."

"నా నోట్లో మట్టి కొట్టడానికి!"

పెద్దమ్మ మర బిగించింది. సూది మార్చింది. బాబిన్ గూట్లో నూగు ఊడ్చింది. మేలురకం దారం తెచ్చింది. ఉచ్చులు పోలేదు. మెకానిక్‌ని పిలిస్తే అతను తనే దారం ఎక్కించి, గుడ్డపీలిక కుట్టి చూసి, "దీనికే రోగమూ లేదమ్మా," అని వెళ్ళిపోయాడు. మర్నాడు దారం తెగింది, పెద్దమ్మ ఎక్కించింది, మళ్ళీ ఉచ్చులు. ఇంకేముంది, దొంగ ఇంట్లోనే ఉందని తేలిపోయిందట. మిషన్ మీద చెక్క మూత దించి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. మా అమ్మ పని పోయింది. నాన్న "సర్దుకుపో" అన్నాడు. ఆ మాటకి ఆయన మీద నాకు ఇప్పటికీ మంటే.

తాళం వేశాక కూడా ఉచ్చులు మానలేదు. అప్పుడైనా సిగ్గుపడాలా? "మారుచెవి చేయించుంటుంది మహాతల్లి," అని ఇంకో తాళం తెచ్చింది.

అమ్మ గుమ్మంలో కూర్చుని కూర తరుగుతూ ఆమె చేతులనే చూసేది. చూసి చూసి పట్టేసింది. బరువుకి బొంత జారిపోతుందని పెద్దమ్మ ముందే గుడ్డని నొక్కిపట్టే పాదం దించేసి, ఆ తర్వాత దారం ఎక్కిస్తోంది. పాదం దిగితే పైన దారాన్ని బిగపట్టే రెండు బిళ్ళలూ అతుక్కుపోతాయి. దారం వాటి మధ్యకి దిగదు, పైపైనే పోతుంది. ఇక మర ఎంత బిగిస్తే ఏం లాభం? పాదం ఎత్తి ఎక్కించాలి, అంతే. ఇన్నేళ్ళూ ఎక్కించింది అమ్మ కాబట్టి పెద్దమ్మకి ఆ సంగతే తెలీదు.

"చెప్పెయ్యకూడదూ?" అన్నాను.

"చెప్తే బొంత బాగుపడుతుంది. తాళం తీస్తుందా?" అంది అమ్మ.

ఇంకొక్క బొంత చెడితే మీ మొహం చూడనని దుకాణదారు అన్న రోజున పెద్దమ్మ దిగొచ్చింది. గోడకేసి చూస్తూ, "నువ్వోసారి ఎక్కించి చూడు," అంది.

"తాళంచెవి నాకివ్వు. మధ్యాహ్నాలు మళ్ళీ నావి."

పెద్దమ్మ తాళంచెవి నేలమీద విసిరికొట్టింది. అమ్మ వంగి తీసుకుంది. మిషన్ ముందు కూర్చుని బాబిన్ గూడు ఊదింది. పెద్దమ్మ బిగించిన మరని మెల్లగా వదులు చేసింది. పెద్దమ్మ కళ్ళు ఆ మర మీదే ఉన్నాయి. అమ్మ రెండో చెయ్యి వెనక్కిపోయి పాదం ఎత్తడం ఆమె చూడలేదు. దారం ఎక్కించి కుడితే ఈసారి అడుగున కూడా కుట్టు తీరుగా పడింది.

"అదుగో! తప్పు ఆ మరదే! నేను ముందే చెప్పలా?" అంది పెద్దమ్మ.

అమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుని లేచింది.

అప్పట్నుంచి దారం తెగినప్పుడల్లా మళ్ళీ కేక. అమ్మ మాత్రం తన పని ముగించుకునే వెళ్తుంది.

మొన్న అమ్మ బజారుకెళ్ళినప్పుడు దారం తెగింది. పెద్దమ్మ తనే ఎక్కించింది, కుట్టింది, తిరగేసి చూసి తిట్టుకుంది, విప్పింది. మర అటు తిప్పింది, ఇటు తిప్పింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎన్నడూ లేనిది నన్ను, "తల్లీ," అని పిలిచింది.

"మీ అమ్మ ఏం చేస్తుందే? నువ్వు చూసే ఉంటావుగా."

పాదం బొంత మీద దిగి ఉంది. నా చెయ్యి చాస్తే అందేంత దూరం.

"నాకేం తెలుసు పెద్దమ్మా," అన్నాను. "అమ్మని రానీ."