బన్ను కోసం తాడు తిప్పిన నాన్న

పదహారేళ్ళుగా అతను ఒకే బేకరీలో పొయ్యి ముందు నిలబడుతూ వచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి పిండి కలపడంతో మొదలైతే, మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ట్రే కడిగాక గానీ పని అయ్యేది కాదు. ఇంటికొచ్చేసరికి కాళ్ళు తనవి కానట్టుండేవి. అయినా చేతిలో సంచి మాత్రం తప్పేది కాదు. అందులో అమ్ముడుపోని బన్నులు, అంచులు విరిగిన కేకు ముక్కలు. కూతురు మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేది. పిల్లతో ఆడుకునే ఓపిక అతనికి ఏనాడూ ఉండేది కాదు. ఇవ్వగలిగింది ఆ సంచే. పిల్ల తింటుంటే చూస్తూ చూస్తూనే గోడకు చేరగిలబడి నిద్రపోయేవాడు.

పుట్టినప్పుడు గుండ్రంగా, వెచ్చగా ఉందని దానికి బన్ను అని పేరు పెట్టింది అతనే. వీధంతా అలాగే పిలిచింది. "బేకరీవాడి కూతురు బొద్దుగా ఉండక బక్కగా ఉంటుందా" అని నలుగురూ నవ్వితే తనూ నవ్వాడు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి అదే పేరు బడిలో ఏడిపించే మాటైంది. మూడో అంతస్తులోని తరగతికి ఎక్కేలోపు పిల్ల రెండుసార్లు ఆగి ఆయాసపడుతోందని టీచరు కబురు పంపింది.

బట్టల దుకాణంలో పనిచేసే భార్యకు సెలవు దొరకలేదు. అతనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ బరువు, పొడవు చూసి, పిల్లను బయట కూర్చోమంది.

"రాత్రి తిండి మాన్పించమంటారా?" అని అడిగాడు.

"అస్సలొద్దు. ఎదిగే పిల్లండీ. బరువు ఉన్నచోట నిలబడితే చాలు, పొడుగు పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. కూరలు, పళ్ళు ఎక్కువ పెట్టండి. అందరూ ఒకటే తినండి, దానికొక్కదానికే వేరే కంచం వద్దు. తీపి ఎప్పుడో ఒకసారి. రోజూ గంటసేపు ఆడాలి. ఇంతకీ ఇంట్లోకి ఆ తీపంతా ఎవరు తెస్తున్నారు?"

అతను చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా పిండి ఉంది.

"నేనేనండీ."

మర్నాడు ఖాళీ చేతులతో వచ్చాడు. పిల్ల అతని వీపు వెనక్కి తొంగిచూసింది.

"నా మీద కోపమా నాన్నా?"

"కోపమెందుకే?"

"మరి ఏం తేలేదుగా."

"సాయంత్రం మైదానానికెళ్దాం" అన్నాడు. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

అప్పట్నించి గంటసేపు కునుకు తీసి, పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. బట్టలారేసే తాడు ఒక కొస మైదానం గేటుకు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టు మీద కూర్చుని తిప్పేవాడు. మొదట్లో నాలుగు గెంతులకే పిల్ల రొప్పేది. ఒక్కోసారి తాడే ఆగిపోయేది. చూస్తే నాన్న నిద్రపోతుండేవాడు. "నాన్నా, చెయ్యి" అనేది. చెయ్యి మళ్ళీ తిరిగేది గానీ కళ్ళు తెరుచుకునేవి కావు.

అన్ని రోజులూ సాగలేదు. వానలకు వారం పోయింది. ఒకనాడు పిల్ల ఏడుపు తట్టుకోలేక రెండు బన్నులు తెచ్చాడు. భార్య వాటిని మూడు పళ్ళేల్లో పంచింది. పగలంతా నిలబడి వచ్చిన మనిషే ఆమె కూడా. కూరలు తరగడానికి ఇద్దరూ వంతులేసుకున్నారు.

"ఒక్క పిల్లకే ఇంత చాకిరీనా" అంది ఓసారి.

"మెల్లగా అను, వింటుంది" అన్నాడు క్యారట్లు చెక్కుతూ.

బడి నుంచి ఏడుస్తూ వచ్చిన రోజున, ఇక బన్ను అని పిలవనని మాటిచ్చాడు. పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నువ్వు పిలువు. వాళ్ళే వద్దు" అంది.

ఆరు నెలల తర్వాత డాక్టరమ్మ మళ్ళీ చూస్తే బరువు అరకిలో పెరిగింది, పొడవు మూడు సెంటీమీటర్లు.

"తగ్గలేదండీ" అన్నాడు.

"తగ్గక్కర్లేదన్నానుగా. బాగా చేస్తున్నారు. ఇలాగే సాగనివ్వండి."

సంతోషించాలని తెలుసు, ఓపిక చాలలేదు. బస్సులో కూర్చోగానే కళ్ళు మూతలు పడ్డాయి. ఇంటికి ఒక స్టాపు ముందే పిల్ల భుజం తట్టి లేపింది.

"ఇక్కడ దిగి నడుద్దామా?"

అతను ఒకసారి కిటికీలోంచి మిగిలిన దారిని చూసి, కడ్డీ పట్టుకుని లేచాడు.